హెడ్ కోచ్

జట్టుకు 13 మంది చొప్పున ఆడే రగ్బీ లీగ్‌లో ఆటగాళ్ల ఎంపిక, శిక్షణ, వ్యూహరచన, మ్యాచ్ మధ్యలో మార్పుల బాధ్యత అంతిమంగా ఎవరిదో వారినే హెడ్ కోచ్ అంటారు. ఆస్ట్రేలియా కేంద్రంగా సాగే నేషనల్ రగ్బీ లీగ్‌లో ఈ పదవికి ఎవరు తగినవారన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆటగాడిగా సంపాదించిన పేరుప్రఖ్యాతులే ముందుగా లెక్కలోకి వస్తాయి. ఆ లెక్క సరైనది కాదు. అగ్రశ్రేణి మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కించదగినన్నే ఆడిన ట్రెంట్ రాబిన్సన్, ఫ్రాన్స్‌లోని కాటలాన్స్ డ్రాగన్స్‌కు శిక్షణనిచ్చిన అనుభవంతో వచ్చి, 2013లో సిడ్నీ రూస్టర్స్‌ను తొలి ఏడాదే విజేతగా నిలిపారు. క్రెయిగ్ బెలమీ కూడా వేన్ బెనెట్ దగ్గర సహాయ శిక్షకుడిగా పని నేర్చుకున్న తర్వాతే 2003లో మెల్‌బోర్న్ స్టార్మ్ పగ్గాలు చేపట్టారు.

గెలుపోటముల పట్టిక కూడా ఒక్కటే చాలదు. ఆరు టాకిల్స్‌లోగా, అంటే ప్రత్యర్థులు బంతి పట్టినవాణ్ణి ఆరుసార్లు నిలువరించేలోగా, పాయింట్లు సాధించకపోతే బంతిని వదులుకోవాల్సిన ఈ ఆటలో, సాధారణంగా అయిదో టాకిల్ తర్వాత బంతిని ఎటు తన్నాలో, అలసిన ఆటగాడిని ఎప్పుడు బయటకు పిలవాలో అన్న నిర్ణయాలలోనే శిక్షకుడి పనితనం కనిపిస్తుంది. జట్టు మొత్తం జీతాలకు విధించే గరిష్ఠ పరిమితి, అంటే శాలరీ క్యాప్, కారణంగా మంచి ఆటగాళ్లు ఏటా చేజారుతున్నా, అకాడమీలో ఎదిగిన యువకులతో ఆ ఖాళీలను పూరిస్తూ ఇవాన్ క్లియరీ పెన్రిత్ పాంథర్స్‌కు 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు అందించడమే ఆయన అర్హతకు అన్నింటికన్నా బలమైన నిదర్శనం.