ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయు విధము

మన భోగాపురమున విమానాశ్రయ నిర్మాణమునకు 2023వ సంవత్సరము మే నెల 3వ తేదీని శంకుస్థాపన జరిగెను. అందులకు సుమారు 2,200 ఎకరముల భూమి కేటాయింపబడినది. పొలము విడిచిన యింటి బిడ్డలకు ఇకమీదట కొలువే జీవనాధారము కావలసియున్నది. కావున దరఖాస్తు వ్రాయుట మనము శ్రద్ధతో నేర్వదగిన పని.

మనలో పెక్కుమంది మిత్రుడు వ్రాసినదానిని తెచ్చి, పేరుమాత్రము మార్చి పంపుచుందుము. వందల దరఖాస్తులను చూచు అధికారికి అవి యన్నియు నొక్కటిగానే తోచును. కనుక మొదట ప్రకటనను రెండుమారులు చదివి, వారు కోరిన యోగ్యతలేవో గుర్తింపవలయును. వానిలో మనకు గలవానిని మొదటి పంక్తులలోనే తెలుపవలయును.

"కష్టపడి పనిచేయుదును" అని యందరును వ్రాయుదురు. ముక్కాము తీరమున రెండేండ్లు మరపడవల యింజనులు బాగుచేసిన కుఱ్ఱవాడు ఆ సంగతినే వ్రాసినచో, వానికి యంత్రముల పని తెలియునని వెంటనే బోధపడును. లేని యోగ్యతను కల్పింపరాదు; మౌఖికపరీక్షలో నది బయటపడును.

దరఖాస్తును ఒక పుటలో ముగించి, తప్పులు దిద్దుటకై ఉపాధ్యాయునకు చూపి, గడువునకు ముందే పంపవలయును. కొలువు లభించుట మన వశమున లేకున్నను, ఇంతవరకు చేయుట మన వశమే కదా!