యుద్ధం నుంచి మైత్రికి: భారత్-జపాన్ సంబంధాలు

1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం తెలుగు తీరాన్ని నేరుగా తాకిన సందర్భమిది. పదేళ్లకే భారత్, జపాన్ మిత్రదేశాలయ్యాయి. ఈ మార్పు ఎలా సాధ్యమైందో పరిశీలిద్దాం.

శాంతి ఒప్పందం: 1951లో జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి సమావేశానికి భారత్ హాజరు కాలేదు. ఆ ఒప్పందం జపాన్‌కు ఇతర స్వతంత్ర దేశాలతో సమానమైన గౌరవం ఇవ్వడం లేదని నెహ్రూ ప్రభుత్వం భావించింది. 1952 ఏప్రిల్ 28న దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. జూన్ 9న రెండు దేశాలూ విడిగా శాంతి ఒప్పందం చేసుకున్నాయి. అందులో భారత్ యుద్ధ నష్టపరిహారాన్ని వదులుకుంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పరిహారాన్ని వదులుకున్నది ప్రభుత్వం. బాంబుల దెబ్బ తిన్నది ప్రజలు. కాబట్టి ఈ మైత్రిలో వారి త్యాగం కూడా ఉంది.

ఆర్థిక సహకారం: 1958లో జపాన్ తన తొలి యెన్ రుణాన్ని భారత్‌కే ఇచ్చింది. తరువాతి కాలంలో హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణ నిర్మాణానికీ జపాన్ రుణం అందింది.

సాంస్కృతిక బంధం: ఇది దౌత్యం కన్నా ప్రాచీనమైనది. మన సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు తమ మూలగురువులలో ఒకరిగా పూజిస్తారు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రాన్ని జపాన్ ప్రేక్షకులు ఆదరించారు. 2024లో అక్కడి తకరజుక మహిళా నాటక బృందం దానిని సంగీత నాటకంగా ప్రదర్శించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: భారత్ నష్టపరిహారాన్ని వదులుకోవడం సమంజసమేనా? ప్రభుత్వం, ప్రజలు అనే రెండు కోణాల నుంచి చర్చించండి.