పది పొట్టేళ్లు.. ఒక నోట్‌బుక్!

‘ఊళ్లోనే ఉండి గొర్రెలు పెంచితే నెలకు లక్ష!’ ఈ మధ్య నా ఫోన్ నిండా ఇలాంటి వీడియోలే. మంద చూపిస్తారు, షెడ్డు చూపిస్తారు. ఖర్చుల లెక్క మాత్రం చూపించరు.

వానను నమ్ముకుని వేరుశనగ వేసే మా విడపనకల్లు లాంటి చోట కష్టకాలంలో ఆదుకునేది జీవాలే. పంట ఎండినా పొట్టేలును సంతకు తోలితే చేతికి డబ్బొస్తుంది. మరి చదువుకున్న కుర్రాళ్లకు ఇవి బిజినెస్ నేర్పుతాయా? నేర్పుతాయి.. లెక్క రాస్తేనే!

అమెరికాలో అలా..

1902లో ఒహాయోలో ఏ.బి.గ్రాహం అనే స్కూల్ సూపరింటెండెంట్ పెట్టిన పిల్లల క్లబ్బుతో ‘ఫోర్-హెచ్’ ఉద్యమానికి బీజం పడింది. అందులో పిల్లలు దూడనో గొర్రెపిల్లనో పెంచుతారు. ఎంతకు కొన్నారు, మేతకెంతయింది, ఎంతకు అమ్మారు.. అన్నీ రికార్డు బుక్కులో రాస్తారు. చివర్లో వేలం. పిల్లల్ని ప్రోత్సహించాలని కొనేవాళ్లు తరచూ మార్కెట్ కంటే ఎక్కువ రేటు పెడతారు. కాబట్టి ఆ లాభాన్ని నమ్మలేం. ఆ బుక్కును నమ్మొచ్చు.

మన లెక్క ఇదీ..

ఉదాహరణకు పది పొట్టేలు పిల్లలు, ఒక్కోటి 7,000 చొప్పున 70,000 అనుకుందాం. నాలుగు నెలల మేత, దాణా 25,000. టీకాలు, మందులు, బీమా 5,000. మొత్తం లక్ష. ఒక్కోటి 12,500కు అమ్మితే లాభం 25,000. ఒకటి చస్తే లాభం సగమైపోతుంది. రెండు చస్తే సున్నా!

ఇందులో మీ కూలి కలపలేదు. రోజూ ఎనిమిది గంటలు మేపితే 120 రోజులకు 960 గంటలు. అంటే ఏ జీవమూ చావకపోయినా గంటకు 26 రూపాయలు, రోజుకు 208. ఉపాధి హామీ కూలి కంటే తక్కువే. అదే షెడ్డులో కట్టేసి రోజుకు రెండు గంటల్లో పని ముగిస్తే గంటకు 104 రూపాయలు. కాకపోతే మేత ఖర్చు పెరుగుతుంది. ఈ బేరీజే అసలైన బిజినెస్ పాఠం.

సబ్సిడీ ఉందిగా?

ఉంది. 2021లో మార్చిన జాతీయ పశుధన మిషన్‌లో 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 10 లక్షలు కేంద్రం ఇస్తుంది. అయితే సబ్సిడీ అప్పు తగ్గిస్తుందేగానీ చావులను ఆపదు. తొలకరి పచ్చిగడ్డి ఆబగా తిన్న జీవాలకు చిటుక రోగం రావచ్చు. వానాకాలం దోమల్లాంటి చిన్న కీటకాలతో నీలి నాలుక వ్యాపిస్తుంది. టీకా ముందే వేయించాలి. తేదీ బుక్కులో ఉండాలి.

అమ్మకం కూడా అంతే. బక్రీద్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. దానికి నాలుగు నెలల ముందు పిల్లల్ని కొనండి. కంటి అంచనాకు ఒప్పుకోకుండా కాటా వేసి అమ్మండి.

మొదటిసారే వంద వద్దు, పదితో మొదలెట్టండి. మీ కూలి కూడా రాసుకున్నాక లాభం మిగిలితేనే మంద పెంచండి. మిగలకపోతే? పోయేది పది పిల్లల పెట్టుబడిలో కొంత, పది లక్షల అప్పు కాదు!