కారు ధర అడిగే ముందు వర్క్‌షాప్ చూడండి

మాది దొనకొండ. మా స్టేషన్‌లో రైలెక్కితే గుంటూరు పోవచ్చు, నంద్యాల పోవచ్చు. ఒంగోలుకు మాత్రం రోడ్డు మీదే పోవాలి. నాయనమ్మకి గుండె జబ్బు. నెలకి రెండుసార్లు ఒంగోలులో డాక్టరుకి చూపించాలి. బస్సుల్లో ఆమె పడే అవస్థ చూడలేక, కందులమ్మిన డబ్బుకి బ్యాంకు లోను కలిపి నాన్న కారు కొన్నారు.

కొనేముందు రెండు చోట్ల ధర అడిగాం. దగ్గర షోరూం కంటే దూరంగా ఉన్న పెద్ద నగరంలో 18,000 తక్కువ చెప్పారు. "పద్దెనిమిది వేలు ఊరికే వస్తాయా అబ్బాయా?" అన్నారు నాన్న. ఇంజినీరింగ్ చదువుతున్న నేనూ తలూపాను.

నెల తిరక్కుండానే ఏసీ చల్లగా రావడం ఆగిపోయింది, బండి ఎడమకి లాగడం మొదలైంది. కొన్నచోటికి ఫోన్ చేస్తే "తీసుకురండి, చూస్తాం" అన్నారు. నాలుగుసార్లు తిరిగాం. రానుపోను 300 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు, పెట్రోలు 110 రూపాయలు వేసుకున్నా ట్రిప్పుకి 1,800 పైనే, అంటే మొత్తం 7,300. కారు వాళ్ల దగ్గరే ఉన్నప్పుడు నాయనమ్మని రెండుసార్లు అద్దె కారులో తీసుకెళ్లాం, అది ఇంకో 7,000. నాన్న పొలం పని పోయిన నాలుగు రోజులు లెక్కలోకే రాలేదు. మిగిలిందనుకున్న 18,000లో ఎంత మిగిలిందో మీరే చూడండి.

తక్కువకి కొనడం మా తప్పు కాదు. కొన్నచోటే బాగుచేయించాలి అనుకోవడమే తప్పు. వారంటీ ఇచ్చేది కార్ల కంపెనీ. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ దేశంలో ఎక్కడున్నా ఆ వారంటీ పనిచేస్తుంది. మేం దగ్గర్లోని సెంటర్‌కే పోయి ఉండొచ్చు. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అందుకే ధరనీ సర్వీసునీ విడదీసి చూడాలి.

ముందు ధర. 'ఆన్‌రోడ్' అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి, విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఒకే రాష్ట్రంలో ఒకే మోడల్‌కి ఎక్స్‌షోరూం ధర దాదాపు ఒకటే ఉంటుంది. లైఫ్ ట్యాక్స్ సర్కారుది, అందులో బేరం లేదు. తేడా అంతా డిస్కౌంటు, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' దగ్గరే వస్తుంది. హ్యాండ్లింగ్ అనేది ప్రభుత్వం వేసేది కాదు, ఎందుకని గట్టిగా అడగండి. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరే గానీ, దాన్ని షోరూంలోనే కొనాలన్న రూలు లేదు. బయట ధర కనుక్కోండి. అయితే ఆ బీమా కంపెనీ మీకు దగ్గరున్న వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ ఇస్తుందో లేదో చూసుకున్నాకే తీసుకోండి. భారీ తగ్గింపు ఇస్తున్నారంటే బండి తయారైన నెల, సంవత్సరం కూడా అడగండి. పాత స్టాకైతే రేపు అమ్మేటప్పుడు ఆ తగ్గింపు తిరిగి కట్టినట్టే.

తర్వాత సర్వీసు. షోరూంలో కాఫీ ఇచ్చేవాళ్లని కాదు, వెనకున్న వర్క్‌షాప్‌లోంచి బండి తీసుకుని బయటికొచ్చే నలుగురిని పలకరించండి. చెప్పిన రోజుకి బండి ఇచ్చారా? చెప్పకుండా బిల్లు పెంచారా? స్పేర్ పార్టుల కోసం ఎన్నాళ్లు ఆపారు? 'ఫ్రీ సర్వీస్' అంటే సాధారణంగా కూలి మాత్రమే ఫ్రీ. ఆయిలు, ఫిల్టర్లకి డబ్బు కట్టాల్సిందే.

ఇక లెక్క. సర్వీస్ సెంటర్‌కి ఒక్కసారి పోయి రావడానికి పెట్రోలు, పోయే కూలి కలిపి ఎంతవుతుందో వేసుకోండి. ధరల తేడాని దాంతో భాగించండి. తేడా 18,000, ట్రిప్పు ఖర్చు 3,000 అయితే జవాబు 6. అంటే అదనంగా ఆరుసార్లు తిరిగితే లాభం హుష్‌కాకి. మీ దగ్గర్లో అదే కంపెనీ మంచి సర్వీస్ సెంటర్ ఉంటే తక్కువకి ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కోండి. లేకపోతే ఆ కంపెనీ కారే మీకు సరైనదా అని మళ్లీ ఆలోచించండి.

ఇంత చేసినా అన్యాయం జరిగితే 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కారు ఎక్కడ కొన్నా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. పెద్ద నగరం చుట్టూ తిరగక్కర్లేదు.

మనలో చాలామందికి ప్లేస్‌మెంట్ వచ్చిన ఏడాదికే ఇంట్లో కారు మాట మొదలవుతుంది. అప్పుడు అమ్మానాన్నలు సలహా అడిగేది మనల్నే. నాలాగా ఊరికే తలూపకండి, కాగితం తీసి లెక్క వేసి చూపించండి.