అవతలి జట్టు ఎందుకు ఒప్పుకుంటుంది?

మికో రాంటనెన్‌ను ఐస్ హాకీ జట్టు కొలరాడో అవలాంచ్ వదిలేసుకుందన్న వార్త 2025 జనవరి 24న వచ్చింది. 2015 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో తీసుకున్న ఫిన్లాండ్ ఆటగాడు అతను. 2022లో లీగ్ టైటిలైన స్టాన్లీ కప్ గెలిచేనాటికి జట్టుకు ప్రాణంగా మారాడు. అలాంటివాణ్ని కరొలైనా హరికేన్స్‌కు ఇచ్చి, మార్టిన్ నేచస్, జాక్ డ్రూరీ అనే ఇద్దర్నీ, రెండు డ్రాఫ్ట్ పిక్‌లనూ (కుర్రాళ్లను ఎంచుకునే వంతులనూ) తీసుకున్నారు. సరిగ్గా ఆరు వారాలు తిరిగేసరికి, మార్చి 7న, ట్రేడ్‌ల, అంటే ఆటగాళ్ల మార్పిడుల, గడువు ముగిసే రోజున కరొలైనా కూడా అతన్ని వదిలేసింది. ఈసారి అతను వచ్చింది మా డాలస్ స్టార్స్‌కు.

మా అని చనువుగా అనడానికి కారణం ఉంది. స్టార్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీసు చేసే రింకు రెండూ డాలస్ శివారైన ఫ్రిస్కోలోనే ఉన్నాయి. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్లలో ఫ్రిస్కో ఒకటి. ఇక్కడి కొమెరికా సెంటర్‌లో పిల్లలు ఐస్ హాకీ నేర్చుకుంటారు. బెంచీ ముందు తండ్రి మోకాళ్ల మీద కూర్చుంటాడు. పిల్ల పాదాన్ని తొడ మీద పెట్టుకుని, స్కేటు లేసును కిందినుంచి ఒక్కో వరసా లాగి బిగిస్తాడు. చీలమండ దగ్గర వదులైతే పిల్ల మంచు మీద నిలబడలేదు. అలా బిగిస్తూనే పక్కనున్న మనిషితో, "అన్నా, ఆ ఇద్దర్నీ ఇచ్చేసి ఒక గట్టి డిఫెన్స్‌మన్‌ను తెచ్చుకుంటే పోలా?" అంటాడు. పక్కనున్న ఆయన, "బాగానే ఉంది తమ్ముడూ, వాళ్లెందుకిస్తారు?" అంటాడు.

ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ట్రేడ్ వాదన అసలు వాదన అవుతుంది. దీన్ని దాటలేని ప్రతిపాదన ఎంత ముచ్చటగా ఉన్నా కోరిక మాత్రమే.

ఐపీఎల్ చూసేవాళ్లకు ట్రేడ్ కొత్త కాదు. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి తిరిగి వెళ్లిందీ, 2025 నవంబరులో సన్‌రైజర్స్ మహమ్మద్ షమీని లక్నోకు ఇచ్చిందీ ఈ దారిలోనే. అయితే ఐపీఎల్‌లో జట్టుకు పునాది వేలం. ఈ జట్లాడే ఐస్ హాకీ లీగ్, 32 జట్లున్న ఎన్‌హెచ్ఎల్‌లో వేలం లేదు. కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తీసుకోవాలి, ఒప్పందం ముగిసినవాళ్లను వేసవిలో జీతం మాట్లాడి తెచ్చుకోవాలి, లేదా మరో జట్టుతో మార్పిడి చేసుకోవాలి. ఒప్పందంలో నో ట్రేడ్ షరతు రాయించుకోని ఆటగాణ్ని మార్చేటప్పుడు అతని అనుమతి అడగాల్సిన పని లేదు. పొద్దున ఒక ఊరి చొక్కాతో ప్రాక్టీసు చేసినవాడు రాత్రికి మరో ఊరి విమానం ఎక్కవచ్చు.

గీత దాటకూడని లెక్క

అభిమానులు రాసే ప్రతిపాదనల్లో చాలావరకు కూలిపోయేది శాలరీ క్యాప్ దగ్గర. ఏ జట్టైనా ఆటగాళ్ల జీతాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న పరిమితి ఇది. 2005-06లో మొదలుపెట్టినప్పుడు 3 కోట్ల 90 లక్షల డాలర్లు. 2025-26కి అది 9 కోట్ల 55 లక్షలైంది. యజమాని ఎంత ఆస్తిపరుడైనా ఈ గీత దాటలేడు. కాబట్టి ఇక్కడ ఆటగాడి విలువ అంటే ఆట ఒక్కటే కాదు, జీతంతో భాగించిన ఆట.

మా స్టార్స్ లెక్కే చూడండి. 2025-26లో రాంటనెన్‌కు కోటీ 20 లక్షల డాలర్లు. టైలర్ సెగిన్‌కు 98.5 లక్షలు. రోపె హింట్స్, మీరో హైస్కనెన్ ఇద్దరికీ చెరో 84.5 లక్షలు. వయట్ జాన్‌స్టన్‌కు 84 లక్షలు, గోల్‌కీపర్ జేక్ ఆటింజర్‌కు 82.5 లక్షలు, జేసన్ రాబర్ట్‌సన్‌కు 77.5 లక్షలు. ఈ ఏడుగురికే 6 కోట్ల 31.5 లక్షలు. జట్టులో 23 మంది ఉండొచ్చు. మిగిలిన పదహారు మందికీ కలిపి మిగిలేది 3 కోట్ల 23.5 లక్షలు. సగటున మనిషికి 20 లక్షల పైచిలుకు. ఇప్పుడు మీరు కోరుకున్న గట్టి డిఫెన్స్‌మన్ 70 లక్షల మనిషైతే, అతన్ని తెచ్చేవేళకు ఇక్కడినుంచి ఎవరు వెళ్లాలి? ఆ వెళ్లేవాణ్ని అవతలి జట్టు తన క్యాప్‌లో ఎక్కడ ఇరికించుకుంటుంది? పాత జట్టు జీతంలో సగం వరకు తానే మోయవచ్చన్న సౌలభ్యం ఒకటుంది. రాంటనెన్ కరొలైనా వెళ్లినప్పుడు ఇదే వాడారు. షికాగో మధ్యలో చేరి అతని జీతంలో సగం తన నెత్తిన వేసుకుంది. అందుకు ప్రతిఫలంగా దానికి దక్కింది మూడో రౌండ్ డ్రాఫ్ట్ పిక్. క్యాప్‌లో ఖాళీ జాగా కూడా సరుకే.

ఈ లెక్కలు వేయడం ఆటను ప్రేమించడం కాదని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. నాలుగో లైనులో ఆడే కుర్రాడు 8 లక్షలకు చేస్తున్న పని ఎంత విలువైనదో మొదటిసారి అర్థమయ్యేది ఈ లెక్క వేసినప్పుడే. అతను ఎవరికీ కనిపించని రెండు నిమిషాలు పెనాల్టీ కాచి, ఆట బిళ్లైన పక్‌కు అడ్డంగా పడుకుని లేస్తాడు. ఆ రెండు నిమిషాలు కొనడానికి మరో జట్టు ఎంత ఇస్తుందని ఆలోచించిన అభిమాని ఆ తర్వాత ఆటను ఇంకాస్త లోతుగా చూస్తాడు.

అవసరం ధరను మార్చేస్తుంది

2016 జూన్ 29న ఎడ్మంటన్ ఆయిలర్స్ టేలర్ హాల్‌ను న్యూజెర్సీకి ఇచ్చి ఆడం లార్సన్‌ను తీసుకుంది. ఒకరికి ఒకరు, పైన ఇంకేమీ లేదు. ఎడ్మంటన్ అభిమానులు ఈనాటికీ ఆ తేదీ మరిచిపోలేదు. రెండేళ్లకు హాల్ లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. ఆయిలర్స్ మేనేజర్ పీటర్ చరెల్లీ అంతకు మూడేళ్ల ముందు బోస్టన్‌లో ఉండగా సెగిన్‌ను మా డాలస్‌కు ఇచ్చిన మనిషి కూడా. ఆయన్ను తిట్టడం తేలిక. కానీ న్యూజెర్సీ కుర్చీలో కూర్చుని చూడండి. ఎడ్మంటన్‌కు కుడిచేతి వాటం డిఫెన్స్‌మన్ లేక దిక్కుతోచడం లేదని లీగ్ మొత్తానికీ తెలుసు. అవసరం అంత బయటపడ్డాక ఎవరు మాత్రం సరసంగా అమ్ముతారు? ఆ ట్రేడ్‌లో తప్పు హాల్ విలువ తెలియకపోవడం అనుకోను. గరజు చూపించి బేరానికి కూర్చోవడమే అసలు తప్పు.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ మా ఊరిదే. 1995 డిసెంబరులో డాలస్ స్టార్స్ కాల్గరీ నుంచి జో న్యూవెండైక్‌ను తెచ్చుకుంది. బదులుగా ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో తీసుకున్న పద్దెనిమిదేళ్ల జరోమ్ ఇగిన్లా. 1999లో డాలస్ స్టాన్లీ కప్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో ఆరు మ్యాచుల్లో గెలుపు గోల్ కొట్టి, అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకున్నది న్యూవెండైకే. అటు ఇగిన్లా కాల్గరీకి కెప్టెనై, మొత్తం 625 గోల్స్‌తో కెరీర్ ముగించి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఎవరు గెలిచారీ బేరంలో? ఇద్దరూ. డాలస్‌కు అప్పటికప్పుడు కప్ కావాలి, కాల్గరీకి రేపటి నాయకుడు కావాలి. ఇగిన్లాను పోగొట్టుకున్నామని ఇప్పుడు వాపోయే డాలస్ అభిమానిని నేను అడిగేదొక్కటే: ఆ 1999 కప్ వెనక్కిచ్చేస్తావా? మాకున్నది ఆ ఒక్కటే.

అభిమాని కుర్చీ నుంచి మేనేజర్ కుర్చీకి

రాంటనెన్ కథలో నన్ను అన్నిటికన్నా పట్టి ఉంచిన మనిషి కరొలైనా జనరల్ మేనేజర్ ఎరిక్ టల్‌స్కీ. బర్క్‌లీలో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త. వృత్తిగా హాకీ ఆడినవాడు కాదు. ఖాళీ సమయంలో మనలాగే ఆట మీద విశ్లేషణలు రాసుకునేవాడు. ప్రత్యర్థి ప్రాంతంలోకి పక్‌ను కర్రతో అదుపులో ఉంచుకుని తీసుకెళ్తే, ఊరికే లోపలికి విసిరి వెంటపడిన దానికంటే సుమారు రెట్టింపు షాట్లు దొరుకుతాయని తోటివాళ్లతో కలిసి మ్యాచులు చూసి లెక్కగట్టి చూపించాడు. ఆ రాతలు చదివి కరొలైనా పిలిచింది. 2024 వేసవిలో ఏకంగా మేనేజర్‌ను చేసింది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆయన లీగ్‌లోని అతి పెద్ద ట్రేడ్ చేశాడు. రాంటనెన్ ఒప్పందం ఆ వేసవితో ముగుస్తుంది, కొలరాడోతో కొత్త జీతం కుదరలేదు. ముందు తెచ్చుకుందాం, మన ఊరు, మన ఆట చూశాక సంతకం పెడతాడన్నది కరొలైనా ఆశ. రాంటనెన్ అక్కడ 13 మ్యాచులు ఆడి రెండు గోల్స్ మాత్రమే వేశాడు. సంతకం పెట్టలేదు. గడువు దగ్గర పడింది. అలాగే ఉంచుకుంటే వేసవిలో ఖాళీ చేతులతో మిగలాలి. అప్పుడు టల్‌స్కీ చేసిన పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆరు వారాల కింద తానే చేసిన బేరాన్ని పట్టుకుని వేలాడకుండా, లోగన్ స్టాంకొవెన్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లను, రెండు థర్డ్ రౌండ్ పిక్‌లను తీసుకుని రాంటనెన్‌ను డాలస్‌కు ఇచ్చాడు. రాంటనెన్ అదే రోజున మా జట్టుతో ఎనిమిదేళ్లకు 9 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, జట్టులో ఫిన్లాండ్ వాళ్లున్నారు, కప్‌కు దగ్గరలో ఉన్న జట్టు. ఇవన్నీ ఒకేచోట దొరికే ఊరు ఇది.

ఆ సాయంత్రం ఒక మిత్రుడి ఇంట్లో, పై అంతస్తు గేమ్ రూమ్‌లో ఎనిమిది మందిమి చేరాం. సగం మంది సంబరంలో, సగం మంది బాధలో. స్టాంకొవెన్ ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి, తనకంటే తలెత్తు ఎక్కువున్న డిఫెన్స్‌మన్ల మధ్య దూరి పక్ లాక్కొచ్చేవాడు. పిల్లలకు అతనంటే ప్రాణం. "బావా, పదేళ్లు మనకు ఆడేవాణ్ని ఇచ్చేశాం" అని ఒకాయన గొంతు పెంచాడు. ఇంకొకాయన ఎదురు ప్రశ్న వేశాడు: "స్టాంకొవెన్ లేకుండా ఆ రెండు పిక్‌లే ఇస్తామంటే నువ్వైతే రాంటనెన్‌ను పంపేవాడివా?" గదిలో ఎవరూ పంపేవాళ్లమనలేదు.

తర్వాత జరిగింది సినిమాలో పెడితే అతి అంటారు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే డాలస్‌కు కొలరాడో ఎదురైంది. మే 3న ఏడో మ్యాచ్. మూడో పీరియడ్‌లో మేం 0-2 వెనకబడి ఉన్నాం. రాబర్ట్‌సన్, హైస్కనెన్ గాయాలతో బయట. అప్పుడు రాంటనెన్ తన పాత జట్టు మీద వరసగా రెండు గోల్స్ కొట్టి సమం చేశాడు, జాన్‌స్టన్ గెలుపు గోల్‌కు పాస్ ఇచ్చాడు, చివర్లో ఖాళీ గోల్‌లోకి మూడోది వేశాడు. 4-2. కొలరాడో సీజన్ ముగిసింది.

ఆ ఒక్క రాత్రితో ట్రేడ్ తేలిపోయిందనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. ఆ వసంతంలో డాలస్ సెమీఫైనల్లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లి ఎడ్మంటన్ చేతిలో 4-1తో ఓడింది. స్టాంకొవెన్‌తో కరొలైనా కూడా అక్కడిదాకే వెళ్లి ఫ్లోరిడా చేతిలో అదే 4-1తో ఓడింది. కరొలైనా ఆ తర్వాత స్టాంకొవెన్‌తో ఎనిమిదేళ్లకు 4 కోట్ల 80 లక్షలకు కుదుర్చుకుంది. అంటే ఏడాదికి రాంటనెన్ జీతంలో సగం. కొలరాడో నేచస్‌ను ఏడాదికి కోటీ 15 లక్షలకు ఎనిమిదేళ్లు కట్టిపడేసుకుంది. రాంటనెన్‌కు పెట్టలేమనుకున్న డబ్బుకు ఇది ఎంతో దూరంలో లేదు. మూడు జట్ల లెక్కా ఇంకా తెరిచే ఉంది.

వాదన వేడిలో మనం మరిచే మనిషొకడు ఉంటాడు, మారేవాడు. 1988 ఆగస్టు 9న వేన్ గ్రెట్జ్‌కీని ఎడ్మంటన్ లాస్ ఏంజలిస్‌కు ఇచ్చినప్పుడు, విలేకరుల ముందు ఆయన మాట పూర్తిచేయలేక కళ్లు తుడుచుకున్నాడు. కెనడా ఎంపీ ఒకాయన ప్రభుత్వమే దాన్ని ఆపాలన్నాడు. అప్పటికి గ్రెట్జ్‌కీ నాలుగు కప్‌లు గెలిచిన మనిషి. మన పట్టికలో పేరు పక్కన జీతం రాసుకుంటాం, ఇల్లు అమ్మాలని, భార్య ఉద్యోగం మానాలని రాసుకోం. అందుకే నో ట్రేడ్ షరతును అడ్డంకిగా విసుక్కునే మిత్రులతో నాకు పేచీ. అది ఆటగాడు తన జీతంలో కొంత వదులుకుని మరీ తెచ్చుకునే హక్కు.

2025 వేసవిలో ఇక్కడ రగిలిన పెద్ద చర్చ రాబర్ట్‌సన్‌ది. ఒప్పందం 2026తో ముగుస్తుంది, తర్వాత జీతం బాగా పెరుగుతుంది, ఇప్పుడే మార్చేసి డిఫెన్స్ బలపరచుకోవాలని ఒక వర్గం. నేను ఉంచాలనే పక్షం. 2022-23లో గోల్స్, గోల్‌కిచ్చిన పాస్‌లు కలిపి 109 పాయింట్లు చేశాడు. ఈ జట్టు డాలస్‌కు వచ్చాక ఇందులో మరెవరూ ఒక్క సీజన్‌లో అన్ని చేయలేదు. పడిపోయాడన్న 2024-25లోనూ 35 గోల్స్ కొట్టాడు. 77.5 లక్షలకు 35 గోల్స్ కొట్టేవాణ్ని ఇచ్చి, అంతటి డిఫెన్స్‌మన్‌ను అంతే జీతానికి ఇచ్చే జట్టు ఏదో చెప్పమంటాను. జట్టు పేరు, ఆటగాడి పేరు, అతని ఒప్పందంలో మిగిలిన ఏళ్లు, ఈ మూడూ చెప్పాలి. ఆపైన ఆ ఊరి అభిమాని ఒకడు తల ఊపాలి. ఆ గేమ్ రూమ్‌లో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజున కూర్చుని మళ్లీ మొదటినుంచి వాదించుకుంటాం.