ముందు కప్పు, ఆ తరువాతే సౌరఫలకం

పరకాల మిద్దెలపై కాసే ఎండ ఇప్పుడు కరెంటు బిల్లును తగ్గించే ఆదాయమైంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల రాయితీని ప్రకటించింది. అయితే సౌరఫలకం ఆయుష్షు సుమారు 25 ఏళ్లు. దానిని మోసే కప్పు అన్నాళ్లు నిలుస్తుందా? కుటుంబ పెద్దలు ముందుగా ఆలోచించవలసింది ఇదే.

అమెరికాలో స్థిరపడిన మనవారి ఇళ్లలో చాలావాటికి చెక్క కప్పుపై తారు పలకలు పరచి ఉంటాయి. అక్కడ బోల్టు పలకను దాటి కింది వాసంలోకి దిగాలి. రంధ్రంలోకి నీరు చొరకుండా లోహపు రేకు అమర్చాలి. పలకలు పాతబడితే ముందు వాటిని మార్చుకోవాలి.

మన ఇళ్లకూ ఇదే సూత్రం. శ్లాబుకు రంధ్రాలు వేయకుండా కాంక్రీటు దిమ్మెలపై చట్రాన్ని నిలపవచ్చు. గాలిదుమారానికి ఎగిరిపోకుండా దిమ్మెల బరువును లెక్కగట్టాలి. బెంగుళూరు పెంకుల ఇంట్లో భారం పెంకులపై కాక వాసాలపై పడాలి. చెదలు పట్టిన కలపను ముందే మార్చాలి. సిమెంటు రేకులు పెళుసైనవి. వాటిపై అడుగువేస్తే ప్రాణాపాయం. అక్కడ రేకులకు సంబంధం లేకుండా ఇనుప స్తంభాలు నిలపడమే క్షేమం.

కిలోవాటుకు నీడపడని స్థలం సుమారు వంద చదరపు అడుగులు కావాలి. ఫలకాలు దక్షిణానికి వాలి ఉంటే రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి.

కారే కప్పును ఏ రాయితీ బాగుచేయదు. మేస్త్రీచేత కప్పును పరీక్ష చేయించిన తరువాతే దరఖాస్తు చేయడం వివేకం.