కొత్త ఊరు, తెలియని మాట



డోర్నకల్ జంక్షన్‌లో రైలు మారినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అక్కడి ఎపిఫనీ కతీడ్రల్‌ను చూసి వచ్చినవాళ్లూ ఉన్నారు. వందేళ్లకు పైగా వెనక్కి వెళ్తే, ఆ ఊళ్లో దిగిన ఒక ప్రయాణికుడికి మొదటి రోజు ఎలా అనిపించి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టారు. 1903లో అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పని కోసమే ఆయన 1909లో డోర్నకల్‌కు వచ్చి స్థిరపడ్డారు. అప్పుడిది నిజాం రాజ్యం. ఊళ్లో మాట తెలుగు, కచేరీలో మాట ఉర్దూ, చేతిలో ఆడే నాణెం హాలీ సిక్కా. సముద్రం దాటకపోయినా ఆయనకు ఇది పరదేశమే. ఆయన తెలుగు నేర్చుకున్నారు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1945లో ఇక్కడే కన్నుమూశారు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను అడిగింది కూడా డబ్బు కాదు, స్నేహం. పరాయిచోట ఉన్న మనిషికి ముందు కావలసింది అదే.

ఇప్పుడు మన చుట్టూ చూద్దాం. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అలజడుల వల్ల ఊళ్లు విడిచిన గుత్తికోయ కుటుంబాలు భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఇటుక బట్టీలకు, రైసు మిల్లులకు ఇతర రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. వాళ్లలో ఒకరు చలిజ్వరంతో ఓ.పి. ముందు నిలబడితే మన బోర్డులు చదవలేరు, మనం చెప్పింది సగమే అర్థమవుతుంది.

ఆ సగం మాటే ప్రమాదం. వైవాక్స్ రకం మలేరియాకు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. మూడో రోజుకల్లా జ్వరం తగ్గవచ్చు. "తగ్గింది కదా" అని మిగతా మాత్రలు మానేస్తే, కాలేయంలో దాగిన క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ జ్వరం తెప్పిస్తుంది. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. తాను గర్భవతినని చెప్పడానికి ఆ తల్లికి మాట రాకపోతే?

అందుకే మీ సాయం కోరుతున్నాం. మీ పొరుగున అలాంటి కుటుంబం ఉంటే ఇవి చేయండి.

జ్వరం వచ్చిన వెంటనే రక్తపరీక్షకు తీసుకురండి, లేదా ఆశా కార్యకర్తకు చెప్పండి. వాళ్ల భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషిని వెంట తీసుకురండి. మాత్రల కవరు మీద పొద్దుకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేసి, ఎన్ని రోజులో అన్ని గీతలు గీయండి. ఎలా వేసుకోవాలో వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించుకోండి. "అర్థమైందా?" అని అడిగితే భయపడి తల ఊపుతారు. అది జవాబు కాదు. దోమతెర ఇస్తే కట్టుకోవడం కూడా చూపించండి.

మన పిల్లలూ దుబాయికో, మరో దేశానికో వెళ్తున్నారు. అక్కడ ఏదో ఒక ఆసుపత్రి వరండాలో మాట రాక నిలబడితే, ఎవరైనా పక్కన కూర్చుని ఓపికగా చెప్పాలని మనం కోరుకుంటాం. జనగామలో, మహబూబాబాదులో, భూపాలపల్లిలో దిగినవారికి ఆ పక్కన కూర్చునే మనిషి మనమే అవుదాం.